మేఘదుర్గంలో నాలుగేళ్ల అనుభవం

పంజాగుట్టలో మూడో అంతస్తు ఫ్లాటు, మధ్యాహ్నం. హాల్లో ఇద్దరు: ‘నరేంద్ర మార్కండేయ’ అన్న కలం పేరుతో అయిదు భాగాల ‘మేఘదుర్గం’ నవల రాసిన నరేందర్, ఆయన తన గురించి చెప్పుకున్నది నిజమో కాదో చూడటానికి వచ్చిన మానస. పక్క గదిలో ఆయన భార్య రజని ఆఫీసు పనిలో ఉంది.

“అయితే హిమాలయాలు కొట్టేయమంటావా?”

“నేను కొట్టేయమంటలేను సర్. ఎక్కడ ఉండిన్రో చెప్పుమంటున్న. మీ పుస్తకం వెనక అట్ట మీద ‘నరేంద్ర మార్కండేయ మూడేళ్లు హిమాలయాల్లో సిద్ధుల సన్నిధిలో గడిపారు’ అని ఉన్నది. ఏ ఊరు? ఏ ఆశ్రమం?”

“సిద్ధులు గుమ్మానికి నెంబరు రాసుకుని కూర్చోరమ్మా.”

“సంవత్సరాలన్నా ఉంటయి గద సర్.”

“రెండువేల పది నుంచి పన్నెండు దాకా. రాసుకో.”

“రాసుకున్న. మరి రెండువేల పదకొండు ఆగస్టుల మీ బండి మీద చలానా ఉన్నది. మైత్రీవనం సిగ్నల్ దగ్గర. ట్రిపుల్ రైడింగ్.”

“బండి ఎవరో వాడుకుని ఉంటారు.”

“ఫొటో ఉన్నది సర్. నడిపేది మీరే. వెనక కూసున్నది సిద్ధులా?”

“చూడు అమ్మాయ్... నీ పేరేమన్నావ్?”

“మానస. మూడోసారి చెప్తున్న.”

“మానసా. ముంబై కంపెనీవాళ్లు నా నవలను సిరీస్‌గా తీస్తున్నారు. ఎల్లుండి బేగంపేట హోటల్లో సంతకాలు. మధ్యలో నువ్వొచ్చి నాకు చలానాలు చదివి వినిపిస్తున్నావు. నేనెవరో, నువ్వెవరో తెలుస్తోందా?”

“తెలుస్తుంది సర్. వాళ్లే పంపిన్రు నన్ను. రాసినాయన చెప్పింది నిజమే అని మా దగ్గరి నుంచి కాగితం పోతేనే ఎల్లుండి సంతకాలు.”

“ఏం కంపెనీ మీది?”

“వెరిఫికేషన్. ఎక్కువ సాఫ్ట్‌వేర్ కంపెనీలకే చేస్తం. కొత్తగ చేరినోళ్లు రెజ్యూమెల రాసిన అనుభవం నిజమా, దొంగదా అని చూసి చెప్తం. మీ అసొంటి రచయిత ఫైలు నాకు ఇదే మొదటిది.”

“అంటే గుమస్తా పని.”

“గుమస్తా పనే సర్. అందరు నిజం రాస్తే ఈ గుమస్తాకు పనే ఉండకపోవు.”

“నోరు బాగానే ఉంది. అడుగు, అడుగు. తొందరగా కానీ.”

“మీ వంశం గురించి. ‘ఆస్థాన నేతకారుల వంశంలో జన్మించి, తాతగారి తాళపత్రాల మధ్య పెరిగి’ అని ఉన్నది. నిన్న సిరిసిల్లకు ఫోన్ చేసి మీ నాయినతోని మాట్లాడిన.”

“ఎవరితో?”

“ఎల్లేశంగారితోని. తాత బీడీల కంపెనీల లెక్కలు రాసేదట. తాను మరమగ్గాల షెడ్డుల చేసిన అన్నడు. హిమాలయాల సంగతి సుత అడిగిన.”

“ఏమన్నాడు?”

“‘మావోడు హిమాలయాలకా? సిరిసిల్ల సలికే మూతికి రుమాలు కట్టుకొని పండుతుండె’ అన్నడు.”

“ముసలాయనకు మగ్గాల చప్పుడుకి చెవులు పోయాయి. నువ్వు ఏమడిగావో, ఆయనకు ఏం వినిపించిందో.”

“మంచిగనే వినవడ్డది సర్. మస్తు నవ్విండు.”

“నవ్వుతాడు. ఒక్క పేజీ చదివిన పాపాన పోలేదు. చదివేవాళ్ల సంగతి నీకు తెలియదు మానసా. వాళ్లకు గుర్రాలు కావాలి, శాపాలు కావాలి, మంచు కావాలి. మంచులోంచి నడిచొచ్చినవాడు రాశాడంటే వంద పేజీలు కళ్లు మూసుకుని మింగుతారు. అమీర్‌పేట హాస్టల్ మెట్ల మీద ఉప్మా తింటూ రాశానంటే అట్ట కూడా తిప్పరు.”

“ఉప్మా తినుకుంట రాసిన్రా?”

“మాటవరసకు అన్నాను.”

“హిమాలయాలు వదిలేద్దం సర్. అబద్ధమని రాస్త. ముంబైవాళ్లు నవ్వుకొని వెనక అట్ట మార్చుకుంటరు. దానితోని మీ సంతకాలు ఆగవు. ఆగేది ఇంకోటి ఉన్నది.”

“ఇంకేముంది?”

“మేఘదుర్గం. తామ్రకేతు. నీలశృంగం. ఈ పేర్లు ఎవరు పెట్టిన్రు?”

“ఇదేం ప్రశ్న? నేను. కేదారం దగ్గర ఒక తెల్లవారుజామున, మబ్బు చీల్చుకుని ఒక బురుజు...”

“కేదారం వద్దు సర్.”

“నేనే పెట్టాను. పదకొండు రాజ్యాలు, పదకొండు పేర్లు. అలాంటి పేర్లు పెట్టగలవాడు తెలుగులో ఇంకొకడు లేడు. మిగతావాళ్లు ‘పుర’మో ‘గిరి’యో తగిలించి రాజ్యమంటారు. బస్టాండు పేర్లలా ఉంటాయి.”

“మొదటి భాగం ఎప్పుడొచ్చింది?”

“పదిహేనులో.”

“మా కంప్యూటర్ల ఈ పేర్లు కొట్టి చూసిన. రెండువేల పది నుంచి పదమూడు దాక రెజ్యూమెలు కుప్పలు పడ్డయి. మేఘదుర్గ ఇన్ఫోటెక్. తామ్రకేతు సొల్యూషన్స్. నీలశృంగ సిస్టమ్స్. మీ నవలల పదకొండు రాజ్యాలు, మా దగ్గర పదకొండు కంపెనీలు. ఒక్కటి సుత తప్పలే.”

“నా పేర్లు దొంగిలించారన్నమాట.”

“పుస్తకం రాకముందేనా? ముంబై వకీలు అడిగేది గిదే సర్. ‘ఎవరో పెట్టిన పేర్లు ఈయన ఎత్తుకొచ్చిండు. రేపు సిరీస్ వచ్చినంక అసలు మనిషి కోర్టుకెక్కితే మా గతేంది?’ అని. పేర్లు ఎవరివో తెలియదని నేను రాసిన్నంటే, ఎల్లుండి బేగంపేటకు మీరు పోవుడు దండగ.”

“అసలు మనిషి!”

“అవును సర్. ఎవరో ఒకరు కూసొని పెట్టిన పేర్లు గద అవి.”

“ఎవరో ఒకరు కాదు. నేనే. ఆ కంపెనీలు పెట్టింది నేను.”

“మీరు కంపెనీలు పెట్టిన్రా? పదకొండు?”

“పెట్టడమంటే... చూడు, ఇది అట్ట మీద వేసేది కాదు.”

“వెయ్యను. చెప్పుండ్రి.”

“తొమ్మిదిలో సిరిసిల్ల నుంచి వచ్చాను. జావా నేర్చుకుంటే ఉద్యోగమన్నారు. రెండు నెలలు నేర్చుకున్నాను. అనుభవం ఏదన్నారు. అనుభవం లేనివాడికి ఉద్యోగమివ్వరు, ఉద్యోగం లేనివాడికి అనుభవం రాదు. ఆర్నెల్లు తిరిగి, మైత్రీవనం వెనక సందులో ఒక టైపింగ్ సెంటర్లో కూర్చున్నాను. సూర్యనారాయణ అని కన్సల్టెంటు ఒకడు రెజ్యూమెలు తెచ్చేవాడు. ‘మూడేళ్ల అనుభవం కలుపు బాబూ’ అనేవాడు.”

“కలిపేటోళ్లు.”

“కలపడం అందరూ చేసేవారు! ఆ సందులో ఇరవై సెంటర్లు. ‘ఏబీసీ టెక్నాలజీస్’ అని రాసేవారు వెధవలు. పది మంది కుర్రాళ్లకు అదే పేరు, అదే ప్రాజెక్టు, అదే మేనేజరు. కంపెనీవాడు చూసి చించేసేవాడు. నాది అలా కాదు. ఒక కంపెనీ లేదు. దాన్ని పుట్టించాలి. ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు, ఎవరికి ఎవరితో పడలేదు, ఎలా కూలిపోయింది. కూలిపోవడం ముఖ్యం. బతికున్న కంపెనీకి ఫోన్ చేసి కనుక్కుంటారు. చచ్చిన కంపెనీకి ఎవరు చేస్తారు? అందుకే నా రాజ్యాలన్నీ మొదటి పేజీకే కూలిపోయి ఉంటాయి.”

“దాన్ని ‘శిథిల వైభవం’ అని మెచ్చుకున్నరు గద సర్ విమర్శకులు.”

“మెచ్చుకున్నారు. శాలువా కూడా కప్పారు. తెలివితక్కువవాళ్లు.”

“మరి రాయించుకున్నోళ్లు?”

“వాళ్లా? గొర్రెలు. వాడి బతుకు నేను రాసిస్తే వాడు కంఠతా పట్టేవాడు. రోజుకు నలభై మంది. ఒకడికీ కృతజ్ఞత లేదు. ఇప్పుడు పెద్ద పెద్ద కార్లలో ఇదే పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద పోతుంటారు, నన్ను చూసి తల తిప్పుకుంటారు. పదమూడులో పోలీసులు ఆ సందు మూయించారు. ఏం చేయాలి? పదకొండు కంపెనీలు బుర్రలో ఉన్నాయి. ఇన్ఫోటెక్ తీసేసి దుర్గం పెట్టాను. మేనేజర్‌ని మంత్రిని చేశాను. మూడు పత్రికలు తిప్పి పంపాయి. సొంతంగా అచ్చేశాను. అంతే, కథ.”

“నేను సుత మైత్రీవనంలనే జావా నేర్చుకున్న సర్. పదకొండుల. మా నాయిన కనకయ్య బోరబండ అడ్డా మీద కూలీ. నా రెజ్యూమెల ‘అనుభవం లేదు’ అని రాసిన. మూడేండ్లు ఒక్కరు పిలువలే. నా పక్కన కూసున్నోళ్లు, సీ అంటే ఏందో తెల్వనోళ్లు, మీ మేఘదుర్గంల నాలుగేండ్లు చేసి వచ్చిన్రు. అందరు తీసుకున్నరు వాళ్లను.”

“నా దగ్గరికి రావలసింది.”

“రాలే సర్. అందుకే ఈ పనిల చేరిన.”

“అయితే ఇక నమ్మినట్టేగా?”

“నమ్మిన. కాని నమ్ముడు నా పని కాదు. ఆధారం చూపియ్యాలె.”

“కంప్యూటర్లో ఉండేది అంతా. దాని డిస్కు హుస్సేన్‌సాగర్‌లో ఉంది. పోలీసులొచ్చిన వారం నేనే విసిరేశాను.”

“సూర్యనారాయణ?”

“పైకి పోయాడు. నాలుగేళ్లయింది.”

“అయితే రాయించుకున్నోళ్లల్ల ఒక్కరు చెప్పాలె. ‘ఈ కంపెనీ లేదు, ఈయనే కల్పించి నాకు రాసిచ్చిండు’ అని సంతకం పెట్టాలె.”

“ఒక్కరు చాలా?”

“చాలు. కాని ముందే చెప్తున్న సర్. సంతకం పెట్టినోళ్ల పేరు మా లిస్టుల ఎక్కుతది. అక్కడినుంచి వాళ్ల ఆఫీసుకు పోతది. ఎన్నేండ్ల సర్వీసున్నా ఆ రోజే తీసేస్తరు. ఇంకోచోట దొరకది. అది నా చేతుల ఉండది.”

“పోతే పోతుంది. ఆమెకు నేనున్నాను.”

“ఆమె అంటే?”

“అయిదు నిమిషాలు కూర్చో.”

“సర్, జర ఆలోచించుకోండ్రి. ఇంట్లోళ్లయితే...”

“ఆలోచించడం నా వృత్తి. నువ్వు మంచినీళ్లు తాగు.”

పక్క గది. రజని చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది. నరేందర్ తలుపు దగ్గరకి వేశాడు.

“విన్నావా?”

“విన్న. నీ గొంతు గోడలకు ఆగుతదా?”

“మంచిదే. మళ్లీ చెప్పే పని తప్పింది. లే.”

“ఆ ఫొటోల వెనక కూసున్నది సిద్ధులు కాదని చెప్పకపోయినవ్? నడిమిట్ల నేను, ఆఖరికి సూర్యనారాయణ. ఇంటర్వ్యూకు టైమైతుందని ఉరికిచ్చినవ్ బండిని.”

“ఇప్పుడు అవన్నీ ఎందుకు? వచ్చి ఒక్క మాట చెప్పి, ఒక్క సంతకం పెట్టు.”

“ఏమని?”

“నీ రెజ్యూమె నేను రాశానని. మేఘదుర్గ ఇన్ఫోటెక్ లేదని.”

“చెప్తే నా నౌకరి పోతది. ఆమె చెప్పింది గద.”

“చెప్పింది.”

“తెలిసే అడుగుతున్నవా?”

“తెలిసే అడుగుతున్నాను. నీ నౌకరీ పోతే పోతుంది. నా పేరు పోతే మళ్లీ రాదు.”

“జర గా పుస్తకాల భాష బంద్ చెయ్యి. ఇంట్ల ఎవరున్నరని?”

“నా భాష ఇదే.”

“పదమూడేండ్లు నరేందర్. నా కింద ఇరవై మంది ఉన్నరు ఇప్పుడు.”

“ఉంటారు. ఇరవై మంది టకటక కీలు కొడతారు, నువ్వు వాళ్లను చూస్తూ టకటక కీలు కొడతావు. దానికి టీమ్ లీడ్ అని పేరు. అది పోతే ప్రపంచానికి వచ్చిన నష్టమేమిటి?”

“గా టకటకనే గద నిన్ను అయిదు భాగాలు రాయనిచ్చింది. మొదటిది అచ్చు వేయించింది ఎవరు?”

“భార్యవి. చేశావు. దానికి చప్పట్లు కొట్టాలా?”

“నువ్వు ఒక్కనాడన్న నౌకరి చేసినవా?”

“సృష్టించేవాడు నౌకరీ చేయడు.”

“ఏం సృష్టించినవ్? నాకు రెండు కాగితాలిచ్చినవ్. మేఘదుర్గ ఇన్ఫోటెక్, నాలుగేండ్లు, జావా. గంతే. మొదటి ఇంటర్వ్యూల వాడు ‘మీ ఆఫీసు ఎన్నో అంతస్తు’ అని అడిగిండు. బయటికొచ్చి నిన్ను అడిగితే ఏమన్నవ్?”

“నాకేం గుర్తు?”

“‘ఏదో ఒకటి చెప్పు, నాకు ఇంకో నలభై మంది ఉన్నరు’ అన్నవ్. అప్పటి సంది గా ఆఫీసు నేనే కట్టుకున్న. పదకొండు ఇంటర్వ్యూలు ఇచ్చిన. ఒక్కో ఇంటర్వ్యూల ఒక్కో గది కట్టిన, ఒక్కో మనిషిని పెట్టిన. బోరబండల మన ఒక్క గదికి వచ్చి అన్నం తినుకుంట నీకు చెప్తుంటే, పొట్ట పట్టుకొని నవ్వుకుంట రాసుకున్నవ్.”

“అది ముడిసరుకు. నూలు ఎవరైనా తెస్తారు. చీర నేసేవాడిది.”

“నాకు చెప్తవా? మా ఇంట్ల మగ్గం లేదా? కండెలు చుట్టింది మా అమ్మ, పోగుకు పోగు అచ్చు అతికింది మా అమ్మ, గంజి పెట్టింది మా అమ్మ. చీర మాత్రం మా నాయిన నేసిండని సంత దాక పేరు. గది విని విని పెరిగిన నేను.”

“ఉపన్యాసం అయిందా?”

“నలభై రెండేండ్లు వచ్చినయి నాకు. ఇది పోతే మళ్ల నన్ను ఎవరు తీసుకుంటరు?”

“ఎవరూ తీసుకోనక్కరలేదు. ఇంట్లో కూర్చో. అభిమానుల ఉత్తరాలు వస్తాయి, వాటికి జవాబులు రాయి. నీ తెలివికి అదే ఎక్కువ. ఏం చెప్పాలో నేర్పమంటావా?”

“అక్కెర లేదు. ఇంటర్వ్యూల ఏం చెప్పాల్నో నాకు ఎన్నడూ ఎవరూ నేర్పలే.”

“అయితే పద.”

“జర చున్నీ సర్దుకోనియ్యి.”

మళ్లీ హాలు. నరేందర్ ముందు వచ్చి కూర్చున్నాడు. రజని వచ్చి మానసకు ఎదురుగా కూర్చుంది.

“మానసా, నా భార్య రజని. పేరున్న కంపెనీలో టీమ్ లీడ్. అడుగు. ఏ కంపెనీలో అనుభవం చూపించి చేరిందో అడుగు.”

“మేడం, మీరు ఏం చెప్పకున్నా నేనేమనుకోను. ఇంట్ల ఎవరూ లేరని రాసుకొని లేచి పోత.”

“కూసో బిడ్డా. ఫికర్ చెయ్యకు. అడుగు.”

“మేఘదుర్గ ఇన్ఫోటెక్ అని...”

“నాలుగేండ్లు చేసిన.”

“చేసిన్రా?”

“చేసిన. జావా మీద.”

“రజనీ!”

“ఏమైందండి? ఆమె అడుగుతున్నది, నేను చెప్తున్న.”

“మేడం, ఆ కంపెనీయే లేదు, తానే కల్పించిన అని సర్ ఇప్పుడే చెప్పిన్రు.”

“ఆయన రచయిత గద. హిమాలయాలకు పోకున్నా పోయిన అంటడు, ఉన్న కంపెనీని లేదంటడు. మీకు ఇయ్యాలనే తెలిసిందేమో, నేను పదిహేనేండ్ల సంది ఇంటున్న.”

“ఆమె అబద్ధం చెబుతోంది! నీకు అర్థం కావడం లేదా? ఉద్యోగం పోతుందని భయపడి...”

“సర్, ఒక్క నిమిషం. ఆఫీసు ఎట్ల ఉండె మేడం?”

“ఏడంతస్తులు. లిఫ్టు అయిదు దాకనే పోతది. మా ఆఫీసు ఏడుల. ఆ పై రెండు అంతస్తులకు మెట్లు ఎక్కడున్నయో ఎవరూ చెప్పరు. మనమే ఎతుక్కోవాలె. కొత్తగ చేరినోళ్లు సగం మంది అయిదుల తిరిగి తిరిగి ఇంటికి పోయేటోళ్లు.”

“మేడం... ఇది రెండో భాగంల ఉన్నది. ఏడో ప్రాకారం. దారి అడిగినోడికి దారి దొరకది.”

“ఉంటది మరి. మా మేనేజర్ రుద్రమ్మ అని, పొద్దున మేము వచ్చేసరికి కూసోని ఉండేది, మేము పోయేటప్పుడు కూసోనే ఉండేది. ఆమె లేచి నడువంగ ఎవరూ చూడలే.”

“నవలల మహామంత్రిణి!”

“గోడకు హాజరు బోర్డు ఒకటి. తీసేసినోళ్ల పేరు ఎవరూ తుడువకపోయేటోళ్లు. తెల్లారేసరికి అదే పోయి ఉంటుండె. అందుకే వచ్చుడు వచ్చుడే ముందుగాల బోర్డు చూసేటోళ్లం, మేమింక ఉన్నమా లేమా అని.”

“నామస్తంభం. సర్, మీ మూడో భాగం మొత్తం దాని మీదనే గద నడిచింది?”

“అది నేను... అది ఆమె మాటవరసకు ఏదో అంటే, దాన్ని నేను...”

“ఆమె చెప్పిందా, లేకుంటే మీరు కల్పించిన్రా?”

“ఆమె చెప్పింది. కానీ చెప్పడానికీ రాయడానికీ...”

“రాసుకుంట సర్. ‘ఆమె చెప్పింది.’ ఒక్కటే అడుగుత మేడం. ఎందుకు మానేసిన్రు?”

“మానలే బిడ్డా. ఒకనాడు పోయేసరికి తలుపుకు బయటినుంచి తాళం. లోపల మాత్రం అందరు పని చేస్తున్నట్టే చప్పుడు. ఫోన్లు మోగుతున్నయి, కుర్చీలు జరుగుతున్నయి. ఎవరో నా పేరు పెట్టి ‘రజని ఇంక రాలేదా’ అని సుత అడిగిన్రు. ఎంత కొట్టినా తీయలే. సాయంత్రం దాక నిలవడి వచ్చిన.”

“అయిదో భాగం చివరి పేజీ.”

“అట్లనా? నేను చదువలే అది.”

“నేను చదివిన మేడం. ఈ ఫైలు రాకముందే. ఆ పేజీ నాకు నోటికి వచ్చు.”

“చాలు! ఆపండి ఇద్దరూ! మానసా, మిగతా పది కంపెనీల సంగతి అడుగు. ఏం చెబుతుందో చూద్దాం.”

“అవి గదే బిల్డింగుల కింది అంతస్తులల్ల ఉండేటియి. తామ్రకేతు వాళ్లకు మాకు పడకపోయేది. లిఫ్టు కాడ రోజు లొల్లి.”

“మొదటి భాగంల యుద్ధం...”

“యుద్ధం లేదు, మన్ను లేదు! ఆ బిల్డింగే లేదు!”

“ఆధారం చూపియ్యుండ్రి సర్.”

“ఆమే నా ఆధారం!”

“ఆమె ఉన్నది అంటున్నది సర్.”

“నువ్వు నమ్ముతున్నావా ఇదంతా? నిజం చెప్పు.”

“నమ్ముడు నా పని కాదని చెప్పిన గద. ఇగో, నా దగ్గర రెండు మాటలున్నయి. మీ మాట రాస్తే దానికి ఆధారం లేదు, పేర్లు ఎవరివో తెలియదు, ఎల్లుండి సంతకాలు లేవు. మేడం మాట రాస్తే వకీలుకు ఏ ఇబ్బంది లేదు. కంపెనీలు ఉండె, మూతపడ్డయి. ఆమె తన అనుభవం చెప్పింది, మీరు రాసిన్రు. కాని అప్పుడు ఈ ఫారంల ‘మూలకథ’ అన్న గడిల మేడం పేరు రావాలె. తెర మీద సుత ముందుగాల గదే వస్తది.”

“నా పేరు?”

“కింద వస్తది సర్. ‘రచనా సహకారం’ అని.”

“సహకారం! రజనీ, నీ కళ్లు చల్లబడ్డాయా?”

“నేనేం చేసినండి? పేరు పోవద్దంటిరి. పోతలేదు గద. కిందికి జరుగుతున్నది, గంతే.”

“నేను ఒప్పుకోను. అబద్ధమని రాసిస్తాను.”

“రాసియ్యుండ్రి. బేగంపేటకు ఫోన్ చేసి హోటల్ వద్దని సుత చెప్పుండ్రి. పోయిన వారమే మా నాయినకు, మీ సభల వాళ్లకు, కింద వాచ్‌మన్‌కు చెప్పిన్రు సిరీస్ వస్తుందని. వాళ్లందరికి మళ్ల చెప్పుకోవాలె మరి.”

“సర్, ఒక్క జవాబు రాసుకొని పోత. మేఘదుర్గ ఇన్ఫోటెక్ అని కంపెనీ ఉండెనా, లేదా?”

“చెప్పుండ్రి. ఆమెకు ఆలస్యమైతుంది. నాకు సుత మూడు గంటలకు మీటింగు ఉన్నది.”

“ఉండె.”

“మీకు ఎట్ల తెలుసని రాయాలె సర్? మీరు చూసిన్రా దాన్ని?”

“చూసిన మేడం. రోజు మధ్యాహ్నం ఆమెకు అన్నం డబ్బా నేనే పట్కపోయేటోన్ని.”